మేత ముట్టని హీరోలు

మా బావ రామనర్సయ్య సూపర్ హీరో సినిమాకు వెళ్లేది ఫైట్లు చూడ్డానికి కాదు. హీరో అన్నం తిన్నాడా లేదా చూడ్డానికి.

ఈ మాట చెబితే అందరూ నవ్వుతారు. నవ్వేవాళ్లు ఆయన పక్క సీట్లో కూర్చుని ఒక్క సినిమా చూసి రావాలి, అప్పుడు తెలుస్తుంది నా బాధ. తెర మీద పట్నమంతా తగలబడిపోతుంటుంది. ఆకాశం చీలి అందులోంచి ఏదో భూతం దిగుతుంటుంది. హాలంతా ఈలలు. హీరో రొమ్ము విరుచుకుని మేడ అంచున నిలబడతాడు. సరిగ్గా అప్పుడే నా చెవి పక్కన, మందను అదిలించే గొంతుతో, "శివా, పొద్దటిసంది వీడు ఏమన్న తిన్నడారా?" అని వినపడుతుంది.

"సిన్మ సూడు బావా."

"సూస్తున్న గనుకనే అడుగుతున్న. చాయ్ కప్పు పట్టుకున్నడు, తాగలే. ఆ పిల్ల పళ్లెంల ఏదో వెట్టిచ్చింది, పక్కకు జరిపిండు. మేత ముడ్తలేడురా వీడు."

ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు. ఆయన్ని కాదు, నన్ను చూస్తారు. ఆయన పంచె, తలపాగా చూసి పెద్దమనిషి అని వదిలేస్తారు. ప్యాంటు వేసుకున్నవాణ్ని నేనే కాబట్టి ఈ గోలకంతా బాధ్యుణ్ని నేనేనని వాళ్ల లెక్క.

బావ అంటే మా జంగమ్మక్క మొగుడు. సూర్యాపేటకూ మిర్యాలగూడకూ నడుమ వాళ్ల ఊరు. తాతలనాటి నుంచి గొర్రెల మంద. ఎండాకాలం వస్తే జీవాలను వాడపల్లి దిక్కు తోలుకుపోయి ఏటి ఒడ్డున మేపుకుంటాడు, వానలు పడగానే తిరిగొస్తాడు. గొర్రెల విషయంలో ఆయనకొక పద్ధతుంది. పొద్దున్నే దొడ్డి తడిక తీసి, మంద బయటికి పోతుంటే పక్కన నిలబడి చూస్తాడు. ఎగురుతూ దుంకుతూ పోయేవాటి మొహం చూడడు. వెనకపడ్డదాన్ని, తల వేలాడేసినదాన్ని, మంద విడిచి గట్టెక్కి ఒంటిగా నిలబడ్డదాన్ని చూస్తాడు. దాన్ని పట్టుకుని, కంటిరెప్ప కిందికి గుంజి, నోరు తెరిచి, చెవులు తడిమి రోగమేదో తేలుస్తాడు. ఎక్కువసార్లు కడుపులో నట్టలు, అంటే పురుగులు, ఉన్నాయనే తేలుస్తాడు. మందు తాగిస్తాడు. గొర్రె బతికిందా ఆయన గొప్ప, చచ్చిందా నట్టల తప్పు.

ఇంతవరకూ నాకే అభ్యంతరమూ లేదు. ఆయన మంద, ఆయన నట్టలు. కానీ ఈ పద్ధతిని సినిమా హాల్లోకి తెచ్చాడు చూడండి, అక్కడొచ్చింది తంటా. సూపర్ హీరోలు చేసే పనేమిటి? ఊళ్లో అంత జాగా ఉండగా పోయి పోయి ఎత్తైన భవనం అంచు మీద, వానలో, ఒంటిగా, తల వంచుకుని నిలబడడమే కదా! నాకది స్టైలు. మా బావకది రోగం.

"మంద యాడున్నది, వీడు యాడున్నడు?" అంటాడు తెర వైపు వేలు చూపిస్తూ. "సుస్తీ జేసింది వీనికి. నట్టలు."

"బావా, వాడు ఒంటి చేత్తో రైలు ఆపుతడు."

"ఆపనియ్యి. నట్టలున్న పొట్టేలు గూడ తలతోటి గోడ గుద్దుతది. అయినంక మూడ్రోజులు లెవ్వది."

నాకు ఇంటర్మీడియట్ నుంచి ఈ సినిమాల పిచ్చి. సూర్యాపేటలో నాకొక సెల్‌ఫోన్ల దుకాణముంది, అద్దాల నిండా ముసుగు హీరోల స్టిక్కర్లే. కొత్త సినిమా వస్తే మొదటి రోజే చూడాలి, లేకపోతే నాకు అన్నం సహించదు. ఈ మాట ఒకసారి పొరపాటున మా అక్క ముందు అన్నాను. "మేత సహించకపోవుడేంది?" అని బావ దగ్గరికొచ్చి నా కంటిరెప్ప గుంజాడు. అప్పటి నుంచి నాతో సినిమాలకు రావడం మొదలుపెట్టాడు. వద్దంటే మా అక్క ఊరుకోదు. "ఒక్క బావ, సిన్మకు తోలుకపోవుడు గూడ భారమైందారా?" అంటుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ కొంగు కళ్ల దాకా తెస్తుంది. నేను కారు తాళాలు తీసుకుంటాను.

ఒకరోజు విడమర్చి చెబితే మారతాడేమోనని కూర్చోబెట్టాను. "బావా, ఇదివరకు సూపర్ హీరో అంటే ఎగిరేటోడు, గుద్దేటోడు, నవ్వేటోడు. ఇప్పుడట్ల కాదు. ఇప్పుడు హీరోకు లోపల గాయముంటది. చిన్నప్పటి భయం, తన వల్ల జరిగిన తప్పు, నిద్ర పట్టకపోవుడు. దాన్ని సైకలాజికల్ డార్క్‌నెస్ అంటరు. మనసుల చీకటన్నట్టు. అది మన ఊహకు వదిలేస్తరు, పైకి అడగొద్దు."

శ్రద్ధగా విన్నాడు. నా కష్టం ఫలించిందనుకున్నాను. ఆ వారమే సినిమాకు పోతే, హీరో తన భవంతిలో చీకట్లో కూర్చుని కిటికీలోంచి వాన చూస్తున్నాడు. బావ ఊపిరి బిగబట్టి చూశాడు, చూశాడు, ఇక ఆగలేకపోయాడు.

"మనసుల చీకటైతే ఇంట్ల లైటెందుకు బందు వెట్టిండురా?"

"అది అట్లనే తీస్తరు బావా. జర మెల్లగ."

"దామరచర్లల అంత పెద్ద కరెంటు ఫ్యాక్టరీ కట్టిండ్రు, అయినా వీని ఇంట్ల ఒక్క బల్బు లేదు. నాకు మొకం కనవడకుంటే వీనికి రక్తమున్నదో లేదో ఎట్ల సూడాలె?"

ఇంటర్వెల్లో మేనేజరు దగ్గరికి పోయి తెర మీద వెలుతురు పెంచమని అడిగాడు. సినిమానే అట్లా తీశారని మేనేజరు చెబితే, "తీసినోణ్ని గూడ ఒకపారి పిలువు, మాట్లాడుదం" అన్నాడు. మేనేజరు కూడా నన్నే చూశాడు.

ఇక విలన్ల సంగతి చెబితే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఈ రోజుల్లో విలన్లకు కూడా ఒక కథ ఉంటుంది కదా. చివర్లో భూమిని రెండు ముక్కలు చేసే మీట దగ్గర నిలబడి, తనను చిన్నప్పుడు ఎవరూ ఆటలో చేర్చుకోలేదనో, కన్నతండ్రి గదిలో పెట్టి తాళం వేశాడనో చెప్పుకుంటాడు. ఆ రోజు ఒకడు అట్లాగే చెప్పుకుంటున్నాడు. మా బావ ముందుకు వంగి, చెంప మీద చెయ్యి పెట్టుకుని, "అయ్యో... అయ్యో... మరి మీ అమ్మ ఏమన్నదిరా?" అని అడుగుతున్నాడు. ఇంతలో హీరో అద్దం పగలగొట్టుకుని వచ్చి విలన్ దవడ మీద ఒక్కటిచ్చాడు. హాలు దద్దరిల్లింది. మా బావ లేచి నిలబడ్డాడు.

"ఆగుర్రా! మనిషి తన బాధ జెప్పుకుంటుంటే నడుమల గుద్దుడేంది? జెప్పనియ్యి వాణ్ని!"

వెనక నుంచి ఎవరో "కూసో తాతా!" అని అరిచారు. బావ వెనక్కి తిరిగి, "వాని సంగతి తెలువకుండ నువ్వెట్ల సప్పట్లు కొడ్తవు బిడ్డా?" అని ఆ అరిచినవాణ్నే నిలదీశాడు. ఈ పంచాయితీ తెగేసరికి విలన్ చచ్చిపోయాడు, భూమి దక్కింది, నా క్లైమాక్సు పోయింది.

అదే హీరో కథను కొత్త నటుడితో మళ్లీ మొదటి నుంచి తీస్తారే, ఆ సినిమాలైతే ఆయనకు సంవత్సరీకాలతో సమానం. మొదట్లోనే హీరో తల్లిదండ్రులు పోతారు కదా. "మల్ల సచ్చిండ్రా?" అని తలపాగా తీసి ఒళ్లో పెట్టుకునేవాడు. "కిందటిపారి సచ్చినప్పుడు గూడ మనమే వస్తిమి. వీనికి ఒక్క మేనత్త లేదా, ఒక్క చిన్నమ్మ లేదా? పిల్లగాణ్ని అంత పెద్ద ఇంట్ల ఒక్కణ్ని ఎట్ల వదిలేసిండ్రురా?" ఇంటికొచ్చాక ఆ రోజు మాంసం ముట్టేవాడు కాదు. మా అక్క ఫోన్ చేసి నన్ను తిట్టేది.

తెర మీదివాళ్లతో ఆగినా బాగుండేది. సూర్యాపేటలో ఒక బట్టల షాపు తెరుస్తూ, బయట సూపర్ హీరో వేషం కట్టించి ఒకతన్ని నిలబెట్టారు. నెత్తి నుంచి కాలిదాకా ఎర్రటి తొడుగు, మొహానికి ముసుగు, వీపుకు గుడ్డ. మే నెల ఎండ. మందను వాడపల్లిలో జతగాళ్లకు అప్పగించి ఒక్కరోజు ఇంటికొచ్చిన బావ నా కారులో ఉన్నాడు. వచ్చినవాళ్లకు కాగితాలు పంచుతూ పంచుతూ అతను నీడ కోసం గోడకు ఆనుకుని, కాస్త తల వంచాడు. అంతే, మా బావ కారు ఆపమన్నాడు.

నేను కారు ఆపకుండా ఉండాల్సింది. ఆపాను. దిగి పోయి ఆ మనిషి ముసుగు పైకి లేపి, కంటిరెప్ప కిందికి గుంజాడు. "రక్తం తక్కువున్నది" అని ప్రకటించాడు. "నట్టలు గూడ ఉన్నట్టున్నయ్."

చుట్టూ ఉన్న పిల్లల్లో ఒకడు సూపర్ హీరోకు పురుగులున్నాయని ఏడుపందుకున్నాడు. వాణ్ని చూసి ఇంకొకడు. షాపు యజమాని పరుగెత్తుకొచ్చి అరుస్తున్నాడు. వేషం కట్టినతను పాపం బీకాం చదివిన కిషన్, దామరచర్ల దగ్గరి తండా ఆయన. మా బావ పక్క బండి నుంచి తెప్పించిన మజ్జిగను అతను గటగటా తాగి, "ఇంకో గ్లాసు ఉంటదా కాకా?" అని అడుగుతున్నాడు. నేను సోడా బండి వెనక నిలబడి ఎవరో ఏమో నాకేం తెలియనట్టు ఫోన్ చూసుకుంటున్నాను. ఆ గుంపులోంచి బావ గొంతు వినపడింది: "శివా! ఇటు రారా! నీకు సిన్మలన్ని తెలుసు గద, ఈ పిలగాడు ఏ హీరోనో జర జెప్పు!"

ఇదంతా ఒక ఎత్తు, కారు వెనక సీటు ఒక ఎత్తు. సినిమాకు పోదామని నేను బావ ఇంటి ముందు హారన్ కొడితే, ఆయన ఎన్నడూ ఒక్కడే రాడు. ఎవరో ఒకర్ని వెంటేసుకొస్తాడు. ఒకసారి దామరచర్ల కరెంటు ప్లాంటులో పనిచేసే తులసీరాం. ఒకసారి వాళ్ల ఊరి పోస్టుమ్యాన్. ఒకసారి మల్సూర్ అని, మందలు మేపే ఇంకో ఆయన. వాళ్లలో ఎవరికీ సూపర్ హీరో అంటే ఏమిటో తెలియదు. దారంతా మాట్లాడరు. హాల్లో బావ నడుమ కూర్చుంటాడు, ఒక పక్క నేను, ఇంకో పక్క ఆ వచ్చినతను. బావ ప్రశ్నలు మొదలుకాగానే నేను ముందు వరసల్లో ఖాళీ సీటు చూసుకుని పారిపోతాను. సినిమా అయిపోయాక ఆ మనుషుల పద్ధతే అర్థమయ్యేది కాదు. మల్సూర్ అయితే తిరుగు ప్రయాణంలో కారు ఆపించి, నా చేతిలో ఒక పెద్ద పుచ్చకాయ పెట్టి, "మంచి సిన్మ" అన్నాడు. అది పరమ చెత్త సినిమా.

ఇక ధర్మేందర్ సంగతికొస్తాను. ధర్మేందర్ మా బావ చిన్నాయన కొడుకు, నా ఈడువాడే. మనిషి మంచివాడు, మాటకారి కూడా. పెళ్లిళ్లలో అతనుంటే ఎవరికీ నోరు విప్పే అవకాశం దొరికేది కాదు. కిందటి వానాకాలం మొదట్లో గుట్ట మీద అతని మంద మేస్తుంటే పిడుగు పడింది. జీవాలన్నీ ఒక్క చెట్టు కింద పోయాయి. అతనికి చిన్న గీత కూడా పడలేదు. ఊరంతా వచ్చి ఓదార్చింది. అతను అందరికీ తల ఊపాడు. ఆ తర్వాత ఇక మాట్లాడలేదు.

మాట్లాడలేదంటే నిజంగానే మాట్లాడలేదు. ఉప్పు కావాలంటే లేచి పోయి తెచ్చుకునేవాడు. అతని భార్య రజనిది కోదాడ. ఆమె బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. డాక్టరు దగ్గరికి పోదామంటే గోడ వైపు తిరిగి పడుకునేవాడు. చివరికి ఆమె పుట్టింటికి పోయింది. పోతూ మా అక్కతో, "కొట్టలేదక్కా, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నేనేం తప్పు చేశానో చెప్పకుండా నా మొహం కూడా చూడట్లేదు. ఎన్నాళ్లని గోడతో కాపురం చెయ్యమంటావు?" అంది. రజని తల్లి లక్ష్మీనర్సమ్మ గట్టి మనిషి. ఆదివారం కోదాడలో పెద్దమనుషుల్ని కూర్చోబెడుతున్నాననీ, అల్లుడు వచ్చి తన నోటితో పిల్లను పంపమని అడిగితే పంపుతాననీ, లేదంటే తెగదెంపులేననీ కబురు చేసింది.

శుక్రవారం మిర్యాలగూడలో కొత్త సినిమా. మ్యాట్నీకి టికెట్లు తీశాను. బావ ఇంటి ముందు హారన్ కొడితే ధర్మేందర్ చెయ్యి పట్టుకుని బయటికొచ్చాడు.

నాకు చిర్రెత్తింది. "బావా, ఆదివారం ఆయన సంసారం తెగేటట్టున్నది. ఈయనను సూర్యాపేట దవాఖానకు తోలుకపోవాలె గని సిన్మకేంది?"

"దవాఖానకు వద్దంటున్ననా? పోదం. ఆడ డాక్టరు ఏమైందని అడుగుతడు. వీడు తలకాయ ఊపుతడు. తలకాయకు మందు రాసిస్తడు. ఎక్కు ధర్మా, కిటికీ దిక్కు కూసో."

ఆ రోజు హాలు నిండిపోయింది. పారిపోవడానికి ఒక్క సీటు లేదు. కథ ఏమిటంటే, నల్ల తొడుగు హీరో ఒకడు. నగరానికి వరద వస్తుంది. జనాన్ని కాపాడాలని, అందరినీ వంతెన మీదికి ఎక్కండని చెబుతాడు. నీళ్లు వంతెన దాకా రావని అతని నమ్మకం. వంతెన కూలిపోతుంది. ఆ తర్వాత నగరం అతన్ని ఏమీ అనదు, పైగా మిగిలినవాళ్లను కాపాడాడని విగ్రహం పెడుతుంది. అతను మాత్రం భూమి కింద ఒక గదిలో ముసుగు విప్పకుండా కూర్చుంటాడు. చీకటి, నీళ్లు చుక్క చుక్క పడే చప్పుడు. ఇలాంటి సీను కోసమే కదా నేను బతికేది అనుకుంటూ సీట్లో ముందుకు జరిగాను.

"ఎందుకు మాట్లాడ్తలేడు వాడు?" మా బావ.

నేను పళ్లు నూరుకున్నాను. జవాబివ్వలేదు.

"ఊరోళ్లకు కోపమొచ్చిందా వాని మీద?"

నేను ఇంకా జవాబివ్వలేదు. ఈసారి చచ్చినా ఇవ్వకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

"రాలే."

ఆ గొంతు నాది కాదు. బావకు అవతలి పక్క నుంచి వచ్చింది. చాలా రోజులు వాడని గొంతు, బొంగురుగా ఉంది.

"కోపం రాలే అన్నా. అదే బాధ. అందరు మంచోడంటున్నరు. ఆళ్లను ఆ వంతెన మీదికి పొమ్మన్నది వాడే."

బావ తెర మీంచి కళ్లు తిప్పలేదు. "పొమ్మంటే? వాడు కావాలని పొమ్మన్నడా?"

"కావాలని కాదు. గని పొమ్మన్నడు." తెర మీంచి చూపు కిందికి దించాడు. "వానొస్తున్నదని నేనే తోలిన అన్నా. జీవాలు గుట్ట మీద చెల్లాచెదురు మేస్తుండె. తడుస్తయని నేనే అన్నిటిని ఒక్క దగ్గరికి కొట్టి, చెట్టుకిందికి తోలిన. ఒక గొర్రెపిల్ల రానంటే ఎత్తుకపోయి ఇడిసిన. ఇడిసిపెట్టి, గొంగడి మర్చిపోయిననని ఎనక్కి తిరిగిన. అంతే. రజనికి ఏమని జెప్పాలె? నా మొకం సూస్తె నాకే..."

నేను తెర చూడడం ఎప్పుడు మానేశానో నాకు తెలియదు.

మా బావ, హాలంతా వినపడేట్టు మాట్లాడే మా బావ, చాలా మెల్లగా అన్నాడు. "వానొస్తే నేను గూడ చెట్టుకిందికే తోల్త ధర్మా. మా నాయిన గూడ ఆడికే తోలిండు. మీ నాయిన గూడ. జీవాలు తడవద్దని సూసేటోడు ఇంకేడికి తోల్తడు?"

ధర్మేందర్ ఏడ్చాడు. చప్పుడు చేసుకుంటూ, భుజాలు ఊగిపోతుంటే ఏడ్చాడు. ముందు వరసలో ఒకావిడ వెనక్కి తిరిగి చూసి, హీరో కోసమే ఏడుస్తున్నాడనుకుని తనూ కళ్లు తుడుచుకుంది. బావ తలపాగా తీసి తమ్ముడి చేతిలో పెట్టాడు. తెర మీద ఎవరు ఎవర్ని కొట్టారో, ఎవరు గెలిచారో నాకిప్పటికీ తెలియదు. ఇంకో క్లైమాక్సు పోయింది.

బయటికొచ్చాక ధర్మేందర్ మొహం కడుక్కోవడానికి పోయాడు. నేను బావను పక్కకు పిలిచాను.

"బావా, ఇన్ని రోజులు నువ్వు అడిగింది నన్ను కాదా?"

"నిన్నెందుకు అడుగుతరా? నీకు సిన్మ సూసుటానికే టైం సరిపోదాయె."

"మరి తులసీరాం? మల్సూర్? అందరు గిట్లనే జెప్పిండ్రా?"

"ఎవ్వని ముచ్చట వానిది. అది నీకెందుకు?" అన్నాడు. తర్వాత చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "గొర్రెకైతే నోరు తెరిచి సూస్తం. మొగోని నోరు తెరుస్తమా? ఏమైందిరా అని మొకం మీద అడిగితే ఏం కాలేదంటడు. తెర మీదోనికి ఏమైందని అడిగితే జెప్తడు. చీకటుంటది, మొకాలు కనవడవు. అందుకే హాలు మంచిది."

నాకు ఆయన మీద అంత ప్రేమ ఎన్నడూ కలగలేదు. ఆ ముచ్చట చెప్పేద్దామని నోరు తెరిచాను. "అంటే బావా, హీరోలకు నట్టలున్నయనుడు, బువ్వ తిన్నడా అనుడు, అదంత ఉత్తదేనా? వీళ్లను మాట్లాడించనీకే అన్నవా?"

ఆయన నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. "ఉత్తదెట్లయితది? వానికి నట్టలు ఉన్నయ్‌రా. ఆ గుంట కండ్లు సూడలేదా నువ్వు?"

ఆదివారం కోదాడ పోయాం. లక్ష్మీనర్సమ్మ గారి వాకిట్లో కుర్చీలు, పెద్దమనుషులు, చాయ్ కప్పులు. రజని తలుపు వెనక నిలబడింది. ఒక పెద్దమనిషి గొంతు సవరించుకుని, "మరి అబ్బాయి ఏమన్నా మాట్లాడతాడా, లేదా?" అని అడిగాడు.

ధర్మేందర్ లేచి, ఎవరి వైపూ చూడకుండా తలుపు వైపే తిరిగి నిలబడ్డాడు. "రజనీ, నువ్వేం తప్పు జెయ్యలే. జేసింది నేను" అని మొదలుపెట్టాడు. గుట్ట గురించి చెప్పాడు. గొర్రెపిల్ల గురించి చెప్పాడు. గొంగడి గురించి చెప్పాడు. నిద్ర పట్టక గోడ వైపు తిరిగి పడుకున్న సంగతి చెప్పాడు. తనను చూస్తే ఆమెకు అసహ్యం కలుగుతుందని భయపడ్డానన్నాడు. సూర్యాపేటలో డాక్టరు దగ్గరికి కూడా వస్తానన్నాడు. తలుపు వెనక నుంచి రజని ఎప్పుడు బయటికొచ్చిందో, ఎప్పుడు వచ్చి అతని పక్కన నిలబడిందో నేను గమనించలేదు. ఆమె ఒక్కటే మాట అంది: "తడవకూడదని గొర్రెపిల్లను ఎత్తుకెళ్లిన మనిషిని చూసి నాకు అసహ్యమేంటండీ?"

అక్కడితో అయిపోవాలి. కానీ ధర్మేందర్‌కు నోరు తెరుచుకుంది. ఇన్నాళ్లూ ఆగిన మాటలన్నీ వరసగా రావడం మొదలైంది. పోయిన ఉగాది పచ్చట్లో ఉప్పెక్కువైన సంగతి, మేనమామ తన బండి తీసుకుపోయి తిరిగి ఇవ్వకపోవడం, ఈసారి మంద ఎక్కడ కొనాలి, ఏ జాతి కొనాలి. కప్పుల్లో చాయ్ మీగడ కట్టింది. పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లక్ష్మీనర్సమ్మ గారు లేచి కొంగు దోపుకుని, "అమ్మాయ్, బట్టలు సర్దుకో తల్లీ, ఈయన చెప్పడం అయ్యేలోపు బస్సు పోయేట్టుంది" అన్నారు. మేం కారులో వచ్చామని ఆవిడకు గుర్తు చేయాల్సి వచ్చింది.

మొన్న సూర్యాపేటలో కొత్త సినిమా వచ్చింది. ఈసారైనా ప్రశాంతంగా చూద్దామని ఎవరికీ చెప్పకుండా ఒక్కణ్నే పోదామనుకున్నాను. మా అక్కకు తెలిసిపోయింది. కారులో బావ, ధర్మేందర్, రజని. హాల్లో టైటిళ్లు పడకముందే ధర్మేందర్ మొదలుపెట్టాడు. హీరో మనసులో ఏముందో, విలన్ ఎందుకట్లా తయారయ్యాడో, హీరో తల్లి ముందే మందలించి ఉంటే ఇంతదాకా ఎందుకు వచ్చేది కాదో, గుక్క తిప్పుకోకుండా రజనికి వివరిస్తున్నాడు. మా బావకు కూడా అడగడానికి సందు దొరకడం లేదు. ముందు వరస మొత్తం వెనక్కి తిరిగి నన్నే చూస్తోంది.

ఇంటర్వెల్ లైట్లు వెలిగాయి. రజని ముందుకు వంగి, చేతులు జోడించి, "బావగారూ, ఈయన నోరు తెరిపించే సినిమా చూపించారు, మీ రుణం తీర్చుకోలేను. ఇప్పుడు మూయించే సినిమా ఏదన్నా ఉంటే దానికి కూడా తీసుకెళ్లండి, మీకు పుణ్యముంటుంది" అంది.

మా బావ తలపాగా సర్దుకుని, చాలాసేపు ఆలోచించాడు. ధర్మేందర్ వైపు చూశాడు. నా వైపు చూశాడు.

"అసుంటిది ఇంకా తియ్యలేదమ్మా" అన్నాడు.